నమ్మకం పోయింది, సంఘం మాత్రం వదలబుద్ధి కావడం లేదు. పాప బాప్తిస్మంలో ఏమని జవాబివ్వాలి?

మెట్టుగూడ వాసి

అందరికీ నమస్కారం. రాద్దామా వద్దా అని రెండు నెలలుగా ఆగుతూ వచ్చాను. కాస్త పొడుగే అవుతుంది, ఓపికగా చదవండి.

నాకు 36 ఏళ్లు. పుట్టి పెరిగింది సికింద్రాబాద్ మెట్టుగూడలో. నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. మాది సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం, మెదక్ వైపు నుంచి వచ్చినవాళ్లం. మెదక్‌లో పెద్ద గుడి, అంటే చర్చి, కడుతున్నప్పుడు మా ముత్తాత రాళ్లు మోశాడని ఇంట్లో చెప్పుకుంటారు. 1914లో మొదలుపెట్టి పదేళ్లు కట్టారు దాన్ని, 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ జరిగింది. కరువు రోజులు. పొద్దంతా పని చేస్తే సాయంత్రానికి ఆ గుడి కట్టించిన మిషనరీ పోస్నెట్ దొర తిండిగింజలు ఇప్పించేవారట. అలా గింజల కోసం వెళ్లినవాడు అక్కడే బాప్తిస్మం తీసుకున్నాడు, అక్కడే అక్షరాలు దిద్దాడు, కొడుకుని బడిపంతుల్ని చేశాడు. ఊళ్లో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు, అరే ఒరే అనే పిలుపే. సంఘం రిజిస్టర్లో మాత్రం పేరు ఇంటిపేరుతో సహా పూర్తిగా ఉంది. ఆ పేజీ ఫొటో నాన్న పర్సులో ఇప్పటికీ పెట్టుకుని తిరుగుతారు.

అలాంటి ఇల్లు మాది. సండే స్కూల్, డిసెంబర్ చలిలో కరోల్స్, గుడ్ ఫ్రైడే నాడు మూడు గంటలు కూర్చుని యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలు వినడం, అన్నీ ఉన్నాయి. కోత పండుగ గురించి మాత్రం కొంచెం చెప్పాలి. ఎవరింట్లో ఉన్నది వాళ్లు గుడికి తెస్తారు, బియ్యం, కొబ్బరికాయలు, గుమ్మడికాయలు, నాటుకోడి, ఏదైనా సరే, ఆరాధన అయ్యాక బయట వేలం పాడతారు. మా సంఘంలో ఒక ముసలమ్మ ఏటా ఆరు కోడిగుడ్లు తెచ్చేది, చీర కొంగులో పెట్టుకుని, ఒక్కటి కూడా చిట్లకుండా. ఆ ఆరు గుడ్లు 500 దాకా పోయేవి, ఎందుకంటే పాడేవాళ్లందరికీ ఆమె ఇంటి పరిస్థితి తెలుసు. పాడుకున్నవాళ్లు డబ్బు కట్టి, గుడ్లు మళ్లీ తీసుకెళ్లి ఆమె చేతిలోనే పెట్టేవాళ్లు. చిన్నప్పుడు దేవుడంటే నాకు ఇదే అనుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. 2021 మేలో మా బావ, అంటే అక్క భర్త, కొవిడ్‌తో 11 రోజులు ఐసీయూలో ఉన్నాడు. సంఘమంతా ఉపవాసం. రాత్రి పదింటి నుంచి తెల్లవారేదాకా ఫోన్లలో గొలుసు ప్రార్థన, గంటకొకరు వంతు వేసుకుని. అదే వార్డులో మా సంఘం పెద్దమనిషి ఇంకొకాయన ఉన్నారు, ప్రార్థన ఇద్దరి కోసమూ చేశాం. ఆయన ఇంటికొచ్చారు. బావ రాలేదు.

గుడి మళ్లీ తెరిచాక ఆయన ముందుకొచ్చి సాక్ష్యం చెప్పారు. దేవుడు నా మొర ఆలకించాడు, నా కుటుంబాన్ని అనాథను చేయలేదు అన్నారు. అక్క మూడో బెంచీలో కూర్చుని ఉంది, పక్కన ఇద్దరు పిల్లలు. ఆయన చెడ్డవాడు కాదు, చాలా మంచి మనిషి, తను చెప్పేది ఎవరికి ఎలా తగులుతుందో ఆయనకి తోచి ఉండదు. కానీ ఆ మాట విన్నాక నేను మళ్లీ మోకాళ్ల మీద కూర్చుని ఏమీ అడగలేకపోయాను. ఆయన మొర విన్నవాడు మా అక్క మొర ఎందుకు వినలేదు అనే ప్రశ్నకి నాకు ఇచ్చిన జవాబులన్నీ, దేవుని చిత్తం, మనకి తెలియని ప్రణాళిక, బావ మంచి చోటికి వెళ్లాడు, ఇవన్నీ ఒకప్పుడు వేరేవాళ్ల ఇళ్లలో నేనే చెప్పినవి.

అదే వారంలో జరిగిన ఇంకో సంగతి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. బావ శవాన్ని తేవడానికి దగ్గరి చుట్టాలు కూడా భయపడి రాలేదు. సంఘం కుర్రాళ్లు నలుగురు పీపీఈ కిట్లు తొడుక్కుని అంబులెన్స్ ఎక్కారు. మే నెల ఎండ. పెట్టె దించాక కిట్టు విప్పితే ఒక కుర్రాడి చొక్కా నీళ్లలో ముంచి తీసినట్టు ఉంది, తాగడానికి నీళ్లిస్తే చేతులు వణుకుతున్నాయి. నెలరోజులు స్త్రీల మైత్రి (సంఘంలో ఆడవాళ్ల బృందం) అమ్మలు వంతులవారీగా అక్క ఇంటికి క్యారియర్ పంపారు. నా నమ్మకం పోయింది ఆ వారంలోనే, సంఘాన్ని వదలలేనని తెలిసిందీ ఆ వారంలోనే.

అప్పటినుంచి ప్రతి ఆదివారం వెళ్తున్నాను. కీర్తనలు పాడతాను. అందరూ లేచి విశ్వాస ప్రమాణం చెప్పేటప్పుడు మాత్రం ‘నమ్ముచున్నాను’ అనే మాట దగ్గర నా నోరు కదలదు. అమ్మ పక్కనుంచి చూస్తుంది, ఏమీ అనదు. (కమిటీ ఎన్నికలు, దుకాణాల అద్దెలు, ఒకరిమీద ఒకరు కేసులు, ఇవి కూడా ఉన్నాయి మా దగ్గర. చిరాకే గానీ నా కారణం అది కాదు.)

ఇప్పుడు పాపకి ఎనిమిదో నెల. నా భార్యది ఖమ్మం, నిజంగా నమ్మే మనిషి, నా సంగతి ఆమెకి సగం తెలుసు. ఈ క్రిస్మస్‌లోపు బాప్తిస్మం ఇప్పించాలని ఇంట్లో అందరూ. అందులో తల్లిదండ్రుల్ని సంఘం ముందు నిలబెట్టి అడుగుతారు, మీరు నమ్ముచున్నారా, ఈ బిడ్డను ఈ విశ్వాసంలో పెంచుదురా అని. నమ్ముచున్నాము, పెంచుదుము అని చెప్పాలి. బెంచీలో కూర్చుని నోరు మూసుకోవచ్చు. పాపని ఎత్తుకుని నిలబడి నోరు మూసుకోవడం కుదరదు. నాకోసం ఎండలో పెట్టె మోసినవాళ్ల ముఖాలు చూస్తూ అబద్ధం చెప్పాలా? నిజం చెప్పి అమ్మనీ నాన్ననీ తల దించుకునేలా చేయాలా? ఇలాంటిది మీలో ఎవరికైనా ఎదురైందా, ఏ మతంవాళ్లైనా సరే, చెప్పండి.

మల్కాజిగిరి మేడ

బ్రదర్, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీ బావగారి గురించి బాధగా ఉంది.

మాది వైదికం ఎక్కువ ఉన్న ఇల్లు. నాన్న 2019లో పోయారు. ఆత్మలు, పితృలోకాలు, వీటిమీద నాకు కాలేజీ రోజుల్లోనే నమ్మకం లేదు, అయినా ఏటా తద్దినం పెడుతున్నాను. మొదటి ఏడాది వేలికి దర్భ పవిత్రం పెట్టుకుని కూర్చుంటే పురోహితుడు మూడు తరాల పేర్లు చెప్పమన్నారు. తండ్రిని వసువు రూపంగా, తాతని రుద్రుడిగా, ముత్తాతని ఆదిత్యుడిగా తలుచుకుని నువ్వులూ నీళ్లూ వదలాలి. నాకు ముత్తాత పేరు తెలియదు. అక్కడ కూర్చునే తెనాలిలో ఉన్న పెద్దత్తకి ఫోన్ చేశాను. 84 ఏళ్ల మనిషి, చటుక్కున చెప్పింది, చెప్పి ఏడ్చింది, ఈ పేరు ఎవరైనా అడిగి ఎన్నాళ్లయిందిరా అని. నువ్వులు నీళ్లతో కలిసి వేళ్ల సందుల్లోంచి జారుతుంటే ఆ పేరు పలికాను. నమ్మి పలికానా అంటే లేదు. ఉత్తుత్తిగా పలికానా అంటే అదీ లేదు.

మీకూ నాకూ ఒక తేడా ఉంది, దాన్ని దాచను. నన్ను ఎవరూ నువ్వు నమ్ముతున్నావా అని అడగరు. మా వైపు కర్మ చేయడమే ముఖ్యం. వేదంలోని కర్మలే ముఖ్యమనే పూర్వమీమాంసకులైతే యజ్ఞం తప్పకుండా చేయాలని అంత గట్టిగా వాదించి కూడా లోకాన్ని సృష్టించిన దేవుడు ఒకడున్నాడని ఒప్పుకోలేదు. కాబట్టి నా సందేహానికి మా ఇంట్లో ఎప్పుడూ చోటు ఉంది, మీకు ఆ చోటు ప్రశ్నలోనే మూసుకుపోతోంది. (చోటు అందరికీ లేదు లెండి, మా చెల్లి నాన్నకి నాకంటే ఎక్కువ సేవ చేసింది, పిండం పెట్టడానికి మాత్రం పనికిరాదన్నారు. అది నాకు ఇప్పటికీ ముల్లే.)

నా సలహా, చెప్పేయండి. ఆ ‘నమ్ముచున్నాము’లో బహువచనం ఉంది. సంఘం నమ్ముతోంది, మీరు సంఘంలో ఒకరు. మీ ముత్తాత పేరు నిలబెట్టడానికి ఆ మాట పలికితే అది అబద్ధం కిందకి రాదని నా అభిప్రాయం.

విద్యానగర్ హేతువాది

పైన రాసిన మిత్రుడి మనసు మంచిదే గానీ నేను ఒప్పుకోను. ప్రశ్న అడిగింది ఈయన్ని, జవాబు చెప్పేది ఈయన నోరు. బహువచనం చాటున నిలబడితే రేపు పాప పెద్దదై, నాన్నా ఆ రోజు నువ్వు నిజంగా నమ్మే చెప్పావా అని అడిగితే ఏం చెప్తారు?

గోరా గారి సంగతి ఒకటి గుర్తు చేస్తాను. నాస్తికుడినని చెప్పుకున్నందుకు కాలేజీ ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి, 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, తర్వాత అది విజయవాడకి మారింది. ఆయన పెద్దకూతురు మనోరమకి దళిత యువకుడితో పెళ్లి అనుకున్నప్పుడు సేవాగ్రామ్‌లో జరిపిస్తానని గాంధీ గారే అన్నారు. ప్రమాణంలో దేవుడి పేరు వస్తుంది కదా, మరి నాస్తికులు ఎలా పలుకుతారు? గాంధీ అంతటి భక్తుడు దేవుడు అన్నచోట సత్యం అని మార్చడానికి ఒప్పుకున్నారు. ఆ పెళ్లి 1948లో, గాంధీ పోయాక, సేవాగ్రామ్‌లోనే జరిగింది. అంత నమ్మకం ఉన్నవాడు ఎదుటివాడి నోట అబద్ధం పలికించడానికి ఇష్టపడలేదు, పదం మార్చుకుందాం అన్నాడు. మీ పాస్టరుగారిని కూడా అడిగి చూడొచ్చు కదా.

అలాగని వదిలేసి వచ్చేయండి, బయట హాయిగా ఉంటుంది అని నేను చెప్పను. నేను 25 ఏళ్లప్పుడే అన్నీ వదిలేశాను. ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి, నోటీసు పెట్టి 30 రోజులు ఆగి, ముగ్గురు సాక్షుల సంతకాలతో. అమ్మ 2016లో పోయింది, ఆమె కోరిక మీదే శరీరాన్ని మెడికల్ కాలేజీకి ఇచ్చాం. మధ్యాహ్నం రెండింటికల్లా అంతా అయిపోయింది. ఇంటికొచ్చి తలుపు తీస్తే లోపల ఎవరూ లేరు. పదో రోజున ఏం చేయాలో మాకు తెలియదు, చెప్పేవాళ్లూ లేరు, నేనూ నా భార్యా అమ్మ చీరలు మడతలు విప్పి మళ్లీ మడతలు పెట్టుకుంటూ కూర్చున్నాం సాయంత్రం దాకా. నేను చేసినది తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ మా అభ్యుదయ మిత్రులు సభలకి వచ్చినట్టు ఆ పదో రోజు ఇంటికి రాలేదు, క్యారియర్ పంపలేదు. మతం వదిలినవాళ్లం ఆ లోటు ఇంకా పూడ్చుకోలేదు, ఇది నిజం.

కాబట్టి ఉండండి, సంఘంలో ఉండండి. ఆ ఒక్క మాట మాత్రం పలక్కండి.

నల్లగొండ టు టోలీచౌకి

అన్నా, సలామ్. నేను తెలుగు మీడియంలో చదువుకున్న ముస్లింని, నల్లగొండ దగ్గర పల్లె, ఇప్పుడు టోలీచౌకిలో ఉంటాను. మీరు రాసింది చదివాక మా ఆవిడకి కూడా చదివి వినిపించాను.

చిన్నప్పుడు మా ఊళ్లో పీర్ల పండుగ అంటే ఊరంతటిది. గుండం చుట్టూ అలాయి ఆడేది మావాళ్లు నలుగురైతే మిగతావాళ్లు నలభై మంది. పీరు ఎత్తుకునేది ఒక గౌండ్ల తాత. సిటీకి వచ్చాక ఇక్కడి పెద్దలు అదంతా మతంలో లేనిది, తప్పు అన్నారు. చదివితే వాళ్లు చెప్పేదాంట్లోనూ న్యాయం కనిపించింది. కానీ ఆ తాత నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని తిప్పినవాడు, ఆయన్ని తప్పు అనడానికి నాకు నోరు రాలేదు. అక్కడ మొదలైంది నాకు, ఒకటి తప్పైతే ఇంకోటి ఎందుకు తప్పు కాకూడదు అని, అలా లోపలికి లోపలికి వెళ్లింది. మూడేళ్లు ఎవరికీ చెప్పలేదు. జుమా నమాజుకి వెళ్లి వరుసలో నిలబడేవాణ్ని, పక్కవాడి భుజం నా భుజానికి తగులుతుంటే ఇతనికి నా లోపలి సంగతి తెలిస్తే జరిగి నిలబడతాడేమో అనిపించేది.

చివరికి ఒక మౌల్వీ సాబ్‌కి చెప్పాను. కోప్పడతారనుకుంటే ఆయన ఇమామ్ గజాలీ సంగతి ఎత్తారు. గజాలీ బాగ్దాద్ నిజామియా మదర్సాలో పెద్ద పంతులు, వందల మంది శిష్యులు. వయసులో ఉన్నప్పుడు దాదాపు రెండు నెలలు దేన్నీ నమ్మలేని స్థితిలో ఉన్నానని ఆయనే రాసుకున్నారు. తర్వాత 1095లో ఇంకో కష్టం వచ్చింది, నేను చెప్పే పాఠాలు దేవుడి కోసమా, పేరు కోసమా అని. ఆ ప్రశ్నతోనే నాలుక పడిపోయింది, పాఠం చెప్పబోతే మాట రాలేదు. ఉద్యోగం వదిలి డమాస్కస్, జెరూసలేం తిరిగారు, మళ్లీ పాఠం చెప్పడానికి పదేళ్ల పైనే పట్టింది. అంతటివాడికే నాలుక ఆగిపోయింది, నీకు ఆగితే వింతేముంది బేటా అన్నారు మౌల్వీ సాబ్.

మీకు విశ్వాస ప్రమాణం దగ్గర నోరు కదలదని రాశారు కదా, నాకు వెంటనే ఇది తట్టింది. నోరు ఆగిపోవడం మతం లేకపోవడం కాదు అన్నా. మాటని లెక్కలేనిదిగా చూసేవాడికి నోరు ఎందుకు ఆగుతుంది?

నా విషయం ఇంకా తేలలేదు. కొన్ని వారాలు నమ్మకం ఉంటుంది, కొన్ని వారాలు ఉండదు, వరుసలో మాత్రం నిలబడుతున్నాను. మీకు చెప్పగలిగింది ఒకటే, మీ ఆవిడకి సగం తెలుసు అన్నారు, ముందు ఆ మిగతా సగం చెప్పండి. ఆమెని పక్కన నిలబెట్టుకుని చెప్పే మాట అది, ఆమెకి తెలియకుండా ఏ నిర్ణయం తీసుకున్నా పాపకన్నా ముందు ఆమెకి అన్యాయం జరుగుతుంది.

పేరు చెప్పను

నేను కొంచెం వేరే సంగతి రాస్తాను. మా ఇంట్లో అందరం ఆదివారం గుడికి వెళ్తాం, సర్టిఫికెట్‌లో మాత్రం హిందూ. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే, 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఇచ్చారు, క్రైస్తవులకి ఇవ్వలేదు. బాప్తిస్మం తీసుకున్నానని కాగితం మీద ఒప్పుకుంటే మన దగ్గర బీసీ-సీ అవుతాం, దానికి రిజర్వేషన్ ఒక్క శాతం. ఊళ్లో మమ్మల్ని చూసే చూపు మాత్రం ఏ కాగితంతోనూ మారలేదు. అందుకని మా నాన్న నాకు బాప్తిస్మం రిజిస్టర్లో పేరు రాయించలేదు. నీళ్లు పోశారు, పుస్తకంలో రాయలేదు.

మీరు నమ్మకుండా నమ్ముతున్నానని చెప్పాలా అని బాధపడుతున్నారు. నేను నమ్ముతూ నమ్మడం లేదని ప్రతి దరఖాస్తులో రాస్తున్నాను. మా పెద్దమ్మ పోయినప్పుడు ఏ పద్ధతిలో పూడ్చాలన్నదానికి కూడా ఇంట్లో భయపడి గుసగుసలాడుకున్నారు. మీ ముత్తాత పేరు ఇంటిపేరుతో సహా పుస్తకంలో ఉందని చదివినప్పుడు నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. దాన్ని తేలిగ్గా వదులుకోకండి. ఇంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

తార్నాక సండే స్కూల్ టీచర్

బాబూ, వందనాలు. నేను 41 ఏళ్లుగా సండే స్కూల్లో పాఠం చెబుతున్నాను, నీలాంటివాళ్లు నా క్లాసులోంచే బోలెడుమంది వెళ్లారు. ముందుగా, ఆ సాక్ష్యం చెప్పిన రోజు మీ సంఘంలో ఒక్క పెద్దమనిషైనా లేచి మీ అక్క పక్కకి వెళ్లి కూర్చోవాల్సింది. మా తరంవాళ్లం అది నేర్పలేదు మీకు, నేర్చుకోలేదు మేం. బతికినవాళ్లతోనే సాక్ష్యం చెప్పించాం గానీ, పోయినవాళ్ల ఇంటివాళ్లకి మైకు ఇచ్చామా ఎప్పుడైనా? కీర్తనల గ్రంథంలో 88వ కీర్తన ఉంది, తీసి చదువు. మొదటినుంచి చివరిదాకా మొరే, మిగతావాటిలా చివర్లో స్తుతికి తిరగదు, చీకటి దగ్గరే ఆగిపోతుంది. దాన్ని కూడా దేవుని వాక్యమనే దాచారు పెద్దలు. నా 41 ఏళ్లలో దానిమీద ప్రసంగం ఒక్కసారి విన్నాను.

మీ ముత్తాత గురించి. గింజల కోసం వెళ్లి అక్కడే బాప్తిస్మం తీసుకున్నాడు అని రాశావు. ఆ మాట వెనక నీకే ఒక అనుమానం ఉన్నట్టు అనిపించింది నాకు, ఆయన నమ్మాడా, ఆకలికి వెళ్లాడా అని. మా పుట్టిల్లు ఒంగోలు వైపు, మేం బాప్టిస్టులం. 1876-78 కరువులో మా దగ్గర మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. బాప్తిస్మం ఇమ్మని జనం వస్తుంటే నెలల తరబడి ఇవ్వలేదు, గింజల కోసం వస్తున్నారేమో అని ఆయనకీ అనుమానమే. కరువు సాయం ఆపేశాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. మా అమ్మమ్మ వాళ్ల తాత అందులో ఉన్నాడు. ఆయన మనసులో ఎంత పాలు దేవుడు, ఎంత పాలు అన్నం, ఎంత పాలు ఒరే అనిపించుకోకుండా బతకాలన్న కోరిక అని నేను చిన్నప్పుడు లెక్కలు వేసేదాన్ని. ఇప్పుడు వేయను. ఆకలిగా ఉన్న మనిషికి అన్నమూ దేవుడూ వేరువేరుగా కనిపించాలని కోరడం కడుపు నిండినవాళ్ల పని.

ఇక నీ ప్రశ్న. మా బాప్టిస్టుల్లో పసిపిల్లలకి బాప్తిస్మమే లేదు, బిడ్డని గుడిలో ప్రతిష్ఠ చేసి ప్రార్థన చేస్తారు, పెద్దయ్యాక తనే తేల్చుకుంటుంది. మీ సి.ఎస్.ఐ.లోనూ పెద్దయ్యాక తీసుకున్నవాళ్లు నాకు తెలుసు. ఇప్పుడు పాపకోసం కృతజ్ఞతా ప్రార్థన పెట్టించుకోవచ్చు. లేదా మీ ఆవిడ నమ్ముతోంది కాబట్టి ఆవిడ, జ్ఞాన తల్లిదండ్రులు (బాప్తిస్మంలో బిడ్డ తరఫున నిలబడేవాళ్లు) జవాబు చెప్పొచ్చు, నువ్వు పక్కన నిలబడొచ్చు. ఏది కుదురుతుందో మీ పాస్టరు అయ్యగారినే అడుగు. ఫోన్లో కాదు, వెళ్లి కూర్చుని. ఆదివారం మాత్రం వెళ్లకు, ఆ రోజు ఆయనకి ఊపిరి ఆడదు. మంగళవారమో బుధవారమో వెళ్లు.

ఇంకో సంగతి, అమ్మ పక్కనుంచి చూస్తుంది, ఏమీ అనదు అన్నావు. నాలుగేళ్లుగా చూస్తూ ఏమీ అనకుండా ఉందంటే ఆవిడకి నువ్వనుకున్నదానికంటే ఎక్కువే తెలుసు.

మెట్టుగూడ వాసి

అందరికీ పేరుపేరునా జవాబు ఇవ్వాలని ఉంది, ముందు జరిగింది రాస్తాను. రాసి మూడు వారాలైంది.

టోలీచౌకి భాయ్ చెప్పినట్టు ముందు మా ఆవిడతో మాట్లాడాను. ఆమెకి కోపం వచ్చింది, నమ్మనందుకు కాదు, ఇన్నాళ్లు చెప్పనందుకు. తర్వాత టీచర్ అమ్మ చెప్పినట్టు బుధవారం పొద్దున అయ్యగారి దగ్గరికి వెళ్లాను. ఆయన మొదట కమిటీ గొడవల మీద అలిగానేమో అనుకున్నారు. కాదని బావ సంగతి మొత్తం చెప్పాను. ఆ సాక్ష్యం రోజు ఆరాధన నడిపింది ఆయనే. చాలాసేపు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. పదాలు మార్చడం తన చేతిలో లేదన్నారు. మా ఆవిడా, జ్ఞాన తల్లిదండ్రులూ జవాబు చెబితే చాలు, నువ్వు చెప్పలేనిది నీచేత చెప్పించను అన్నారు. నా బుర్రలో ఇంత పెద్ద కొండలా ఉన్నది అరగంటలో తేలింది, తేలాక బయటికొచ్చి బండి స్టార్ట్ చేయడానికి కూడా కాసేపు పట్టింది నాకు.

మల్కాజిగిరి గారూ, మీరు చెప్పిన బహువచనం గురించి చాలా ఆలోచించాను. కీర్తనలు పాడేటప్పుడు నేను చేస్తున్నది అదే అనిపించింది. ఈ ఒక్కచోట మాత్రం నాకు మనసు రాలేదు. పేరు చెప్పనన్నవారికి, మీరు రాసింది నాన్నకి చదివి వినిపించాను, ఆయన పర్సులోంచి ఆ ఫొటో తీసి చూస్తూ ఉండిపోయారు.

జ్ఞానతల్లిగా అక్కని అడిగాం. నువ్వు ఇంకా నమ్ముతున్నావా అక్కా అని మొదటిసారి అడిగాను ఇన్నేళ్లలో. ఏమీ అడగడం మానేశాను తమ్ముడూ, వెళ్లి కూర్చుంటాను అంతే, కూర్చున్నప్పుడు ఒక్కదాన్నే లేనట్టు ఉంటుంది, దాన్ని నమ్మకం అంటారో ఏమంటారో నాకు తెలియదు అంది. ఆ సాక్ష్యం రోజు నేను తన చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నానంటే గాజు విరిగి గీరుకుందట, నాకు గుర్తే లేదు. ఆ గీత చూపించింది, మణికట్టు దగ్గర సన్నగా తెల్లగా ఉంది. జవాబులు నేను చెబుతానులే అంది.

నాన్నే ఒప్పుకోలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున టీ తాగుతుంటే సంఘ చందా కవరు తెచ్చి నా ముందు పెట్టారు. ఎప్పుడూ ఆయనే రాస్తారు దానిమీద ఇంట్లోవాళ్ల పేర్లు, ఈసారి పెన్ను నాకిచ్చి నువ్వు రాయి అన్నారు. నాన్న, అమ్మ, నేను, మా ఆవిడ, నాలుగు రాసి ఆపాను. కింద ఇంకా చోటుంది కదరా, పాప పేరు కూడా రాయి అన్నారు. రాశాను.